ఆస్పత్రి అక్కర్లేని ఆస్పత్రి పరిశోధన

ఆస్పత్రి నిర్వహణ మీద పరిశోధన చేసేవాళ్లకి మొదటి నుంచీ ఉన్న అడ్డంకి ఒక్కటే. అది ఆస్పత్రి.

పొద్దున్నే ఏడింటికల్లా వెళ్లి ఓపీ లైన్ పక్కన నిలబడాలి. సూపరింటెండెంట్ గారి అనుమతి కావాలి, ఆయనేమో ఎప్పుడూ మీటింగ్‌లో ఉంటారు. ఎథిక్స్ కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో ఆ కమిటీకే తెలియదు. రోగుల సంగతి సరేసరి, మనం అడిగినదానికి జవాబు చెప్పకుండా ఎదురు మనల్నే ప్రశ్నలేస్తారు. ఇన్ని ఇబ్బందుల మధ్య ఈ రంగం ఎలా బతికి బట్టకడుతుందని ఒకప్పుడు నాకూ బెంగగానే ఉండేది. ఇప్పుడు లేదు. ఒక్కో అడ్డంకినీ ఓపిగ్గా పక్కకి జరుపుకుంటూ వచ్చిన మనవాళ్లు, చివరికి ఆస్పత్రి గుమ్మం తొక్కకుండానే ఆస్పత్రుల గురించి సర్వం తేల్చేసే స్థాయికి చేరారు. ఎంహెచ్‌ఏ (ఆస్పత్రి నిర్వహణలో పీజీ) పిల్లల ప్రాజెక్టు రిపోర్టుల మీద పదేళ్ల పాటు గైడుగా సంతకాలు చేసినవాణ్ణి. ఈ విజయగాథ నేను కాకపోతే ఇంకెవరు రాస్తారు?

మొదట్లో మాకు దేవుడు ప్రశ్నాపత్రం. అందులోనూ సర్వ్‌క్వాల్. సేవల నాణ్యతని కొలవడానికి 1988లో అమెరికాలో తయారైన కొలబద్ద ఇది. 22 వాక్యాలుంటాయి. మీరు ఎలా ఉండాలని ఆశించారో ఓసారి, ఎలా ఉందో ఇంకోసారి చెప్పాలి, అంటే మొత్తం 44. దీన్ని తయారు చేసినవాళ్లు పరీక్షించి చూసింది బ్యాంకులు, క్రెడిట్ కార్డులు, రిపేరు సర్వీసులు, దూరప్రాంతాలకు ఫోన్లు కలిపే కంపెనీల ఖాతాదారుల మీద. అచ్చయింది రిటైల్ వ్యాపారం గురించిన పత్రికలో. రిపేరుకిచ్చిన మిషన్ బాగైందా లేదా అని అడిగే పద్ధతిలోనే కిడ్నీలో రాయి ఉన్నవాణ్ణి ఎందుకు అడగకూడదని మావాళ్లకి తోచింది. అంతే, ‘అవుట్ పేషెంట్ల సంతృప్తి: ఒక అధ్యయనం’ అనే శీర్షిక పుట్టింది. ఏటా ఊరి పేరు మారుస్తాం. ఇంకేదీ మార్చం, మారిస్తే పాత రిపోర్టుతో పోల్చడం కష్టం.

ఒక ఏడు నా విద్యార్థి ఒకడు జిల్లా ఆస్పత్రికి వెళ్లాడు. మంచి పిల్లాడు, నిజంగానే వెళ్లాడు. లైన్లో నిలబడ్డ ఒక పెద్దావిడ దగ్గరికి క్లిప్ ప్యాడ్ పట్టుకుని చేరాడు.

“పెద్దమ్మా, ఈ ఆస్పత్రిలో పరికరాలు ఆధునికంగా కనిపిస్తున్నాయి. దీనికి మీరు పూర్తిగా అంగీకరిస్తారా, అంగీకరిస్తారా, తటస్థమా, అంగీకరించరా, అస్సలు అంగీకరించరా?”

“డాక్టరు గారొచ్చారా బాబూ?”

“అది నా ప్రశ్నల్లో లేదు పెద్దమ్మా.”

“పోనీ రక్తపరీక్ష కాయితాలు ఏ గదిలో ఇత్తన్నారో చెప్పు.”

“అదీ లేదు.”

ఆవిడ వాడి మొహం చూసి జాలిపడింది. “అయితే అన్నిటికీ ఆ మధ్యలోది రాసేసుకో నాయనా. మా చిన్నోడికీ నీ ఈడే. ఎండలో నిలబడి ఏం కష్టపడతావు?”

అన్ని ప్రశ్నలకీ 3 వేయించింది. చివర్లో ‘ఇతర సూచనలు’ అని ఖాళీ గీతలు ఉంటే, అక్కడ మాత్రం “కూర్చోడానికో బల్ల” అని చెప్పి రాయించింది.

అలా 11 కాయితాలు పోగయ్యేసరికి వాడికి వడదెబ్బ తగిలింది. కావలసింది 150. మిగిలిన 139 హాస్టల్లో ఒక్క రాత్రిలో పూర్తయ్యాయి, ఇద్దరు రూమ్మేట్లు, మూడు రంగుల పెన్నులు, రెండు ప్లేట్ల మిర్చి బజ్జీల సాయంతో. తర్వాత ఎస్‌పీఎస్‌ఎస్‌ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో వేసి చూస్తే క్రోన్‌బాక్ ఆల్ఫా తక్కువొస్తోంది. జవాబుల మధ్య పొంతన ఎంతుందో చెప్పే అంకె ఇది, 0.7 దాటితే పాసైనట్టు. ఎక్కడ దెబ్బకొడుతోందని వెతికితే, ఆ 11 నిజమైన కాయితాలే! వాటిని ‘అవుట్‌లయర్లు’, అంటే మిగతావాటితో కలవని వింత లెక్కలు, అని తీసేస్తే 0.93 వచ్చింది. రోగులు నింపితే వస్తుందా అంత నిలకడ? నేను సంతకం పెట్టాను. ఆకుపచ్చ ఇంకుతో.

రోగుల్ని అలా సాగనంపాక ఆస్పత్రిని సాగనంపడం ఎంతసేపు. ఇప్పుడు నడుస్తున్న ఫ్యాషన్ బిబ్లియోమెట్రిక్ విశ్లేషణ, అంటే అచ్చయిన పేపర్ల మీద లెక్కలు కట్టడం. పరిశోధనా పత్రాల జాబితా ఉండే స్కోపస్‌లోకి వెళ్లి ‘హెల్త్‌కేర్ మేనేజ్‌మెంట్’ అని కొడితే వేలల్లో పేపర్లు పడతాయి. వాటిని చదవక్కర్లేదు, చదివితే ఆలస్యం. శీర్షికలు, కీలకపదాలు, రచయితల పేర్లు దించుకుని, నెదర్లాండ్స్‌లోని లైడెన్ యూనివర్సిటీ వాళ్లు ఉచితంగా ఇచ్చే వోస్‌వ్యూయర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పోస్తే చాలు. సంక్రాంతి ముగ్గులా రంగురంగుల చుక్కలు, చుక్కల మధ్య గీతలు వస్తాయి. పెద్ద చుక్క కోవిడ్. దాని పక్కన టెలీమెడిసిన్. ఓ మూల బ్లాక్‌చెయిన్. కృత్రిమ మేధ అన్న చుక్క ఏడాదికేడాదికి గుమ్మడికాయలా లావెక్కుతోంది. ముగ్గు కింద ‘ఈ దిశగా మరిన్ని పరిశోధనలు అవసరం’ అని రాస్తే పేపర్ సిద్ధం. ఆ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లని అనడానికేం లేదు, కత్తిపీట చేసినవాడు వంట బాధ్యత తీసుకోడు కదా. ఇప్పుడు బిబ్లియోమెట్రిక్ పేపర్ల మీదే బిబ్లియోమెట్రిక్ పేపర్లు వస్తున్నాయి. ముగ్గుల మీద ముగ్గులు. ఇంతకీ ఆరోగ్యశ్రీ బకాయిలు అందక నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేస్తామని రెండు రాష్ట్రాల్లోనూ మాటిమాటికీ ఎందుకు నోటీసులిస్తున్నాయన్నది ఏ చుక్క కిందికి వస్తుందో నాకు కనిపించలేదు. అది కీలకపదం కాదు కాబోలు.

ఇంతకన్నా ముందుకు వెళ్లినవాళ్లూ ఉన్నారు, వాళ్లకి దణ్ణం పెట్టాలి. 2020 మే 22న లాన్సెట్ అనే పేరున్న వైద్య పత్రికలో ఒక పేపర్ వచ్చింది. ఆరు ఖండాలు, 671 ఆస్పత్రులు, 96,032 మంది కోవిడ్ రోగులు. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇస్తే చావులు పెరుగుతున్నాయన్నారు. మూడు రోజుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందు మీద తన పరీక్ష తాత్కాలికంగా ఆపేసింది. అంతా బాగానే ఉంది గానీ, ఆ ఆస్పత్రులేవో కాస్త చూపించమని కొందరు చాదస్తులు పట్టుబట్టారు. సర్జిస్పియర్ అనే అమెరికా కంపెనీ దగ్గర డేటా ఉందన్నారు, తనిఖీకి మాత్రం ఇవ్వలేదు. జూన్ 4న పేపర్ వెనక్కి తీసుకున్నారు. పదమూడు రోజులు! మా పిల్లాడు ఒక ఆస్పత్రిలో 11 మంది దగ్గర వడదెబ్బ తిన్నాడు. ఇక్కడేమో 671 ఆస్పత్రులు, చెమట చుక్క లేదు.

ఇక అచ్చు వేయడం. ఈ విషయంలో మనం ఎవరికీ తీసిపోం. నాకు రోజుకి నాలుగైదు మెయిళ్లొస్తాయి. ‘గౌరవనీయ ప్రొఫెసర్ గారూ, మీ అద్భుత రచన చూసి పరవశించాం’ అని మొదలవుతుంది. ఏ రచనా అని చూస్తే, కాలం చేసిన మా ప్రిన్సిపాల్ గారి గురించి కాలేజీ న్యూస్‌లెటర్‌లో నేను రాసిన అరపేజీ సంతాపం. దాన్ని పొడిగించి తమ స్త్రీవైద్య పత్రికకి పంపమంటారు. ఫీజు డాలర్లలో. వాళ్ల ఆదరణ చూస్తే కళ్లు చెమరుస్తాయి, సొంత మేనమామ కూడా నన్నిలా పిలవలేదు.

ఈ పరిశ్రమలో హైదరాబాద్‌కి అంతర్జాతీయ కీర్తి కూడా దక్కింది. మన ఊరి ఓమిక్స్ అనే పత్రికల ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కోర్టుకెక్కింది. పేపర్లను నిపుణులు పరిశీలిస్తారని, పెద్దపెద్దవాళ్లు సంపాదకులుగా ఉన్నారని చెప్పుకున్న మాటలు మోసమనీ, ఫీజు సంగతి ముందే చెప్పలేదనీ ఫిర్యాదు. 2019 మార్చిలో కోర్టు 5 కోట్ల డాలర్ల పైచిలుకు కట్టమని తీర్పిచ్చింది. బిర్యానీకి గానీ ముత్యాలకి గానీ అమెరికా కోర్టు ఇంత విలువ కట్టిందా ఎప్పుడైనా?

మనదగ్గర యూజీసీ కూడా ఊరికే కూర్చోలేదు. 2018 మే నెలలో తన ఆమోదిత జాబితాలోంచి 4,305 పత్రికల్ని ఒక్క దెబ్బకి తీసేసింది. తీసేసినవి మంచివి కావని తేలింది సరే, అవి జాబితాలోకి ఎలా వచ్చాయన్నది అడగడం మర్యాద కాదు. తర్వాత కేర్ అని కొత్త జాబితా పెట్టింది. 2025లో అదీ వద్దనుకుంది. ఈ మధ్యలో ఆ జాబితాలు చూసి ప్రమోషన్లు కొట్టినవాళ్లు హాయిగా రిటైర్ అయ్యారు. మెడికల్ కాలేజీల్లో అయితే 2015లో ఎంసీఐ (భారత వైద్య మండలి), ప్రమోషన్లకి పేపర్ మీద మొదటి రెండు పేర్లకే లెక్క అంది. మూడో పేరు పెట్టుకున్నవాళ్ల స్నేహాలు ఆ ఏడు ఎన్ని చెడ్డాయో! అంతకుముందు, మంది ఎక్కువైతే మజ్జిగ పలచనన్న సంగతి ఎవరికీ పట్టేది కాదు.

దొరల పత్రికలు కాస్త మెరుగని అనుకునేవాళ్లకి ఓ మాట. విలీ అనే పెద్ద ప్రచురణ సంస్థ 2021లో హిందావీని దాదాపు 30 కోట్ల డాలర్లకి కొంది. ‘ప్రత్యేక సంచికల’ పేరుతో పేపర్ మిల్లులు, అంటే దొంగ పేపర్లు తయారుచేసి అమ్మే దుకాణాలు, లోపల దూరి పీటలేసుకుని కూర్చున్నాయని తర్వాత బయటపడింది. 2023 ఒక్క ఏడాదిలో హిందావీ పత్రికల నుంచి 8,000కు పైగా పేపర్లు వెనక్కి తీసుకున్నారు. మూసేసిన పత్రికల్లో ‘జర్నల్ ఆఫ్ హెల్త్‌కేర్ ఇంజినీరింగ్’ కూడా ఉంది. మా రంగానికి దగ్గర చుట్టం కాబట్టి సంతాపం తెలపాలి. రాసిపెట్టుకున్న అరపేజీ ఎలాగూ ఉంది.

ఇదంతా ఒక ఎత్తు, భాషకి జరిగిన సేవ ఒక ఎత్తు. కాపీని పట్టే ప్లేజియరిజం సాఫ్ట్‌వేర్‌కి దొరక్కుండా ఉండాలంటే కాపీ కొట్టిన వాక్యాల్లో మాటలు మార్చాలి. ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ వేరే ఉంది. అది పర్యాయపద నిఘంటువు పక్కన పెట్టుకుని ప్రతి మాటకీ ఇంకో మాట పెడుతుంది, అర్థంతో దానికి పని లేదు. ఇలాంటివాటిని 2021లో ముగ్గురు పరిశోధకులు పోగేసి ‘చిత్రహింసల పాలైన పదబంధాలు’ అని పేరు పెట్టారు. ఇంగ్లిష్‌లో ఉన్నవాటిని మన నోటితో చెప్పుకుంటే, కిడ్నీ ఫెయిల్యూర్ కాస్తా ‘కిడ్నీకి ఆశాభంగం’ అయింది. రొమ్ము క్యాన్సర్ ‘ఎదకు గండం’. కృత్రిమ మేధ ‘దొంగ స్పృహ’. పాలు పడకపోవడం ‘పాలచక్కెర మీద మతమౌఢ్యం’. నిపుణులు పరిశీలించాకే అచ్చయ్యాయండీ ఇవన్నీ! ఆశాభంగం చెందిన కిడ్నీని ఓదార్చడానికి ఏ వార్డుకి పంపాలో ఆస్పత్రి నిర్వహణ చదివినవాళ్లమైన మేం ఇంకా తేల్చుకోలేదు.

ఆ దొంగ స్పృహే ఇప్పుడు రాసే పని కూడా నెత్తినేసుకుంది. 2024లో ఒక రేడియాలజీ పత్రికలో, ఒక పసిబిడ్డ కేసు గురించి రాసిన పేపర్ మధ్యలో, ‘క్షమించండి, నేను ఏఐ భాషా నమూనాని, రోగికి సంబంధించిన వివరాలు నా దగ్గర లేవు’ అన్న వాక్యం అచ్చయింది. జనం నవ్వారు గానీ నేను లేచి నిలబడ్డాను. ఇన్నేళ్లలో మా పిల్లల రిపోర్టుల్లో ఇంత నిజాయితీ ఉన్న వాక్యం నాకు ఒక్కటీ తగల్లేదు. తగిలి ఉంటే అవుట్‌లయర్ అని తీయించేవాణ్ణేమో.

రాసేవాడు పోయాడు, చదివేవాడు ఎప్పుడో పోయాడు. మిగిలింది సైటేషన్లు, అంటే ఒకరి పేపర్‌ని ఇంకొకరు తమ పేపర్‌లో ఉదహరించడం. ఒంటె పెళ్లికి గాడిద పాటకచేరీ లాంటిది ఈ వ్యవహారం, ఆ గొంతుని ఒంటె మెచ్చుకుంటుంది, ఈ అందాన్ని గాడిద మెచ్చుకుంటుంది, ఆ సైటేషన్ల లెక్కతో వేసే మార్కు, హెచ్-ఇండెక్స్, ఇద్దరికీ పెరుగుతుంది. ఇది ఎంత సులువో చూపిద్దామని 2024లో ఇద్దరు పరిశోధకులు, తమలో ఒకరి ఇంటి పెద్దావిడ పెంచుకునే లారీ అనే పిల్లి పేరిట 12 దొంగ పేపర్లు సృష్టించారు. వాటిని ఉదహరిస్తూ మరికొన్ని దొంగ పేపర్లు పెట్టారు. రెండు వారాలు తిరక్కుండా గూగుల్ స్కాలర్‌లో లారీకి 132 సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ 11. మా డిపార్ట్‌మెంట్ మొత్తం కలిపినా పిల్లిని అందుకోలేం. ఆ వార్త స్టాఫ్‌రూమ్‌లో చదివి వినిపిస్తే, మా సహోద్యోగి ఒకాయన కళ్లజోడు తీసి తుడుచుకుని, “ఆ పిల్లి ఫీజు ఎంత కట్టిందో తెలుస్తుందా సార్?” అని మాత్రం అడిగారు.

మొన్న మోకాలి నొప్పికి నేనే జిల్లా ఆస్పత్రికి వెళ్లాల్సొచ్చింది, మా పిల్లాడు వెళ్లిన ఆస్పత్రికే. తొమ్మిదిన్నర దాకా లైన్లో నిలబడే ఉన్నాను. గోడ మీద ‘మీ సంతృప్తే మా లక్ష్యం’ అని కొత్త బోర్డు పెట్టారు, పక్కనే స్కాన్ చేయడానికి క్యూఆర్ కోడ్. బల్ల ఎక్కడా కనపళ్లేదు. ఇంతలో మెడలో ఐడీ కార్డు వేసుకున్న ఓ అమ్మాయి ట్యాబ్ పట్టుకుని వచ్చింది.

“అంకుల్, రెండే నిమిషాలు. ఈ ఆస్పత్రిలో పరికరాలు ఆధునికంగా కనిపిస్తున్నాయి. దీనికి మీరు…”

“డాక్టరు గారు వచ్చారా అమ్మా?” అన్నాను.

“తెలీదు అంకుల్, నేను ప్రాజెక్టు కోసం వచ్చాను.”

చెమటలు కారుతున్నాయి పాపం. “అన్నిటికీ మధ్యలోది కొట్టేసుకో తల్లీ” అని చెప్పి, కాలు మార్చి నిలబడ్డాను.