ఉమ్మడి గోడకు దిక్కెవరు?

ఏటా వానలు మొదలయ్యేసరికి అహ్మదాబాద్ పాతబస్తీలో ఒకటే టెన్షన్. ఈసారి ఏ ఇల్లు కూలుతుందో, కూలేది పక్కింటిని కూడా లాక్కుపోతుందేమోనని. 1411లో సుల్తాన్ అహ్మద్ షా పునాది వేసిన ఆ పాత నగరాన్ని యునెస్కో 2017లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మన దేశంలో ఆ గుర్తింపు పొందిన తొలి నగరం అదే. గుర్తింపు దక్కింది సరే, చెదలు పట్టిన దూలం మార్చే ఖర్చు మాత్రం ఇంటివారి నెత్తినే ఉంది.

అక్కడి సందులను పోళ్లు అంటారు. చాలా పోళ్లకు ఒక పెద్ద తలుపు, లోపల పక్షులకు గింజలు వేసే చెక్కడపు స్తంభం, ఉమ్మడి బావి ఉంటాయి. ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, మధ్య గోడ ఇద్దరికీ ఉమ్మడి. ముఖం ఇరుకు, లోతు ఎక్కువ. వీధి అరుగు దాటి లోపలికి వెళితే నడిమధ్య ఆకాశం కనిపించే చిన్న ముంగిలి వస్తుంది. పక్క గోడలకు కిటికీలు పెట్టే వీల్లేదు కాబట్టి గాలీ వెలుతురూ అక్కడినుంచే రావాలి. దాని కిందే టాంకా అనే నేలతొట్టి. పైకప్పు మీద పడిన వాన నీరు గొట్టంలోంచి అందులోకి దిగుతుంది. ఎండ తగలని ఆ నీటినే తాగేవారు. ఇంకుడు గుంతల కోసం ఇప్పుడు జీవోలు ఇస్తున్న మనం కాస్త సిగ్గుపడాల్సిన ఏర్పాటు ఇది!

గోడలు ఉత్త ఇటుకతో కట్టినవి కావు, మధ్యమధ్య కలప బిగించారు. 2001 జనవరి 26 భూకంపానికి అహ్మదాబాద్‌లో కొత్త అపార్టుమెంట్లు ఎన్నో నేలకూలాయి. ఈ పాత కట్టడాలు మాత్రం చాలావరకు తట్టుకున్నాయి. అదురుకు నిలిచినవి ఇప్పుడు నిర్లక్ష్యానికి కూలుతున్నాయి. వారసులు పదిమంది, అద్దె నామమాత్రం, మరమ్మతు భారం మోయలేనంత. గోడౌన్‌కు అడిగేవాడు మంచి ధర ఇస్తానంటే యజమాని ఎన్నాళ్లు ఆగుతాడు?

అక్కడి కార్పొరేషన్ ఒక దారి చూపింది. వారసత్వ గృహ యజమాని తాను వాడుకోని నిర్మాణ హక్కును టీడీఆర్‌గా, అంటే వేరేచోట కట్టుకునేందుకు బదిలీ చేయగల హక్కుగా, బిల్డరుకు అమ్ముకోవచ్చు. ఆలోచన మంచిదే. కానీ కాగితాలు స్పష్టంగా లేని ఉమ్మడి ఆస్తికి ఆ సొమ్ము అందేదెలా? వారసుల తగవు తేలేదాకా దూలం ఆగదు. అందుకే ముందు కార్పొరేషనే మరమ్మతు చేసి, ఖర్చును తర్వాత టీడీఆర్‌లో మినహాయించుకునే పద్ధతి రావాలని మేం కోరుతున్నాం. ఒక ఇల్లు పడగొట్టే అనుమతి ఇచ్చేముందు ఇరుపక్కల ఇళ్లనూ ఇంజినీరు పరీక్షించడం తప్పనిసరి చేయాలి.

టీడీఆర్ మనకూ కొత్త కాదు. మన నగరాల్లో రోడ్ల వెడల్పుకు స్థలం వదులుకున్నవారికి వాటినే ఇస్తున్నారు. పాత ఇంటి ముఖభాగం కొట్టేయడానికి ఇచ్చే ఆ టీడీఆర్ బాండును, దాన్ని నిలబెట్టుకున్నవారికీ ఎందుకు ఇవ్వకూడదో రెండు రాష్ట్రాల పురపాలక శాఖలే చెప్పాలి.