మద్దతు ఉపసంహరణ లేఖ

బీరువా రెండో అరల, పాత చున్నీల కింద దాక్కున్న 34 బి తీగ బాడీ గారికి,

హన్మకొండ నుంచి ఏడో నెల మనిషి రాసుకునేది. గారు అన్ననని మురవకు. మా సర్కారు బళ్లె మెమో ఇచ్చేటప్పుడు సుత ముందుగాల గారు అనే అంటరు.

నేను నీళ్లోసుకున్న సంగతి ఇంట్ల అందరికంటే ముందు తెలిసింది నీకే. పరీక్ష పట్టీ మీద రెండో గీత పడకముందే నీ అంచు తాకితే ప్రాణం జివ్వుమనేది. అప్పటినుంచి ఇంట్ల అన్నీ నాకోసం సర్దుకున్నయి. లంగా బొందు వదులైంది. టైలరక్క జాకెట్ల పక్క కుట్లు ఇప్పింది. మా ఆయన బండిని గుంతలు తప్పించి నడుపుడు నేర్చిండు, పెండ్లయిన ఆరేండ్లకు. నువ్వొక్కదానివే 34 దగ్గర కూసున్నవ్, కలెక్టరాఫీసు ముంగట ధర్నాకు కూసున్నట్టు.

కడుపు పెరిగేకొద్ది పక్కబొక్కలు సుత వెడల్పయితయని డాక్టరమ్మ చెప్పింది, లోపలి బిడ్డకు జాగ కావాలె గద. బొక్కలే జరిగినయి, రెండు వేళ్ల వెడల్పు లేని నీ పట్టీకి ఏం బలుపు? మన రామప్ప గుడిని చూడు. 1213ల కట్టిండ్రు. భూమి కదిలితే సర్దుకునేటట్టు పునాది కింద ఇసుక పోసిండ్రు. అంతంత రాళ్లు మోసే గుడికే సర్దుకునే గుణం ఉంటే, నీకు మూడు వరుసల హుక్కులుండి ఏం ఫాయిదా? మూడో వరుస సుత నాలుగో నెలకే చేతులెత్తేసింది.

బరువు మొయ్యాల్సింది కింది పట్టీ అట. భుజాల మీది పట్టీలు ఊకె ఆసరాకే. నువ్వు దాన్ని ఉల్టా చేసినవ్. మొత్తం బరువును భుజాలకు ఏలాడదీసి, కింద తీగను పక్కబొక్కల సందుల కుచ్చినవ్. పరకాల బస్సుల ఆడోళ్లకు ఫ్రీ అనే మహాలక్ష్మి స్కీము పుణ్యాన టికెట్టు పైసలు లేవు గని, ప్రతి స్పీడ్ బ్రేకర్ కాడ నువ్వు వసూలు చేసినవ్. రోహిణి కార్తెల రోళ్లు పగుల్తయంటరు, నీ స్పంజీ కింద నాకు చెమటకాయలు పగిలినయి. వరంగల్‌ల పుట్టి పెరిగినదాన్ని, ఎనుమాముల మార్కెట్ల పత్తి బస్తాలు గుట్టల్లెక్క పడి ఉండంగ, నా ఒంటి మీద ఉన్నది మాత్రం పాలిస్టరు. పత్తి రైతుకు మద్దతు ధర దొరకది, నాకు ధర పెట్టినా మద్దతు దొరకది.

నిన్ను మార్చుదామని చౌరస్తా పక్క గల్లీల ఒక దుకాణానికి పోయిన. కౌంటరు కాడ ఇరవై ఏండ్ల పోరడు. గర్భిణీలు ఏసుకునే మెత్తటి బాడీ కావాలంటే, నన్ను మెడ కింది దాకా ఒక్క చూపు చూసి, టేపు లేకుండనే "38 తీస్కోండి మేడమ్, ఫ్రీగ ఉంటది" అన్నడు. ఇంకోటి చూపియ్యమంటే జిప్పు పెట్టిన ఫీడింగు నైటీలు కుప్ప పోసిండు. కొలుసుకునే జాగ లేదు, వాపస్ లేదు. ఆఖరికి 38నే నల్ల కవర్ల చుట్టిచ్చిండు, నేనేదో దొంగబంగారం కొన్నట్టు. ఇంటికొచ్చి ఏసుకుంటే పట్టీ వీపు మీదికి పాకి మెడ కిందికొచ్చింది. ఫ్రీ అంటే ఏందో అప్పుడు తెలిసింది.

దండెం మీద సుత నిన్ను తువ్వాల కింద దాచి ఆరేయాలె. ఎండ తగలక నీకు వాసన, నాకు దురద.

నీ వంశం గురించి సుత చదివిన. మేరీ ఫెల్ప్స్ జేకబ్ అని అమెరికా ఆమె, రెండు దస్తీలు, ఒక రిబ్బన్ కలిపి కుట్టించి 1914ల పేటెంటు తీసుకున్నది. దస్తీల కాడ మొదలైనోళ్లు మీరు, తీగలెందుకు పెట్టుకున్నరు? 1932ల అక్కడి కంపెనీ ఒకటి ఏ బీ సీ డీ అని కప్పులకు అక్షరాలు పెట్టింది. నేను బళ్లె పదిహేనేండ్లుగ ఏబీసీడీలు చెప్తున్న, నా అక్షరమేందో నాకే తెల్వకపాయె.

అమ్మమ్మకు చెప్తే నవ్వింది. "మాకు ముడి రైకలే బిడ్డా. నెల పెరిగితే ముడి వదులు, పిల్లగాడు ఏడిస్తే ముడి విప్పుడే." తొంభై ఏండ్లకు దగ్గరున్న ముసలామెకు తెలిసిన ముచ్చట నీ ఫ్యాక్టరీకి తెల్వకపాయె.

ఆఖరికి దారి చూపింది బజార్ల లేడీస్ కార్నర్ పెట్టుకున్న ఒకక్క. పరదా ఎనుకకు తీస్కపోయి టేపు పెట్టింది. రొమ్ము కింద 36, రొమ్ము మీద 40. నాలుగంగుళాల తేడా అంటే డి. బళ్లె డి గ్రేడు వస్తే తల్లిదండ్రులను పిలిపిస్తం, ఇక్కడ ఆమె చాయ్ తెప్పిచ్చింది. తీగ లేనిది, కాటన్‌ది, కింది పట్టీ వెడల్పున్నది ఇచ్చి ఇంకో మాట చెప్పింది. మామూలుగ కొత్తదాన్ని అన్నిటికంటే వదులు హుక్కుకు చూసుకుంటం. కడుపుతోని ఉన్నప్పుడు బిగుతు వరుసకు సరిపోయేది కొనాలె, ముంగట ఇంకా వదులు చేసుకునే సందుంటది. పాత వాటికి ఎనుక తగిలిచ్చుకునే హుక్కుల పట్టీ సుత ఉంటదని చూపిచ్చింది. రాత్రి పండుకునేటప్పటికి మెత్తటిది వేరేగ. ముర్రుపాలు ముందే కారినా భయపడకు, మెత్తటి గుడ్డ మడత పెట్టుకో అన్నది. ఇవన్నీ అడగకముందే చెప్పింది. ఆమె దుకాణం ఏడ ఉన్నదో నీకు చెప్ప.

నిన్ను పారేద్దామనుకున్న గని, మొన్న నీ తీగ ఒక కొస గుడ్డ చించుకుని బయటికొచ్చింది. అదే దినం వంటింట్ల సింకు జామైంది. మా ఆయన నీ తీగను గుంజి, కొంచెం వంచి, గొట్టంల తిప్పిండు. ఉల్లిపొట్టు, చింతపండు పిప్పి బయటవడి నీళ్లు గరగర దిగినయి. రెండో తీగను గూట్లె దాచిపెట్టిండు, మళ్ల జామైతే అక్కరకొస్తదని.

ఇట్లు,
36 డి, హన్మకొండ