భయం సరే, చట్టం ఏది?

నెల్లూరు నుంచి చెన్నై హైవేలో తడ దాటాక కాసేపటికి గుమ్మిడిపూండి వస్తుంది. అక్కడి ఫ్యాక్టరీలు మనవాళ్లకు బాగా తెలుసు. అక్కడే లంక తమిళుల శిబిరం ఉన్న సంగతి మాత్రం చాలామందికి పట్టదు. 1983 తర్వాత యుద్ధానికి జడిసి సముద్రం దాటినవాళ్లు, వాళ్ల పిల్లలు, మనవలు తమిళనాడులో ఇలాంటి నూరుకు పైగా శిబిరాల్లో బతుకుతున్నారు. నెలనెలా కొంత డబ్బు, బియ్యం వస్తాయి. అధికారుల ముందు హాజరు వేయించుకోవాలి. మగవాళ్లలో చాలామందికి పెయింటింగ్ పనే ఆధారం. 1987 జులై 1 తర్వాత ఇక్కడ పుట్టినా సరే, తల్లిదండ్రులిద్దరూ విదేశీయులైతే బిడ్డకు పుట్టుకతో పౌరసత్వం రాదు.

మొదట్లో వీళ్లను అక్కున చేర్చుకున్న తమిళనాడే, 1991 మే 21న శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగాక అనుమానంగా చూసింది. చంపింది లంకలో ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడిన ఎల్‌టీటీఈ. శిబిరాల్లో ఉన్నవాళ్లలో అత్యధికులు ఆ యుద్ధం నుంచే పారిపోయి వచ్చినవాళ్లు. ఆ తేడా చూసే ఓపిక అప్పుడు ఎవరికీ లేకపోయింది. 1992లో వెనక్కి పంపడం మొదలైంది. ఇష్టపడే వెళ్తున్నారా అని అడగడానికి ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ రావాల్సి వచ్చింది. 2021కి గాలి మళ్లీ మారింది. అదే రాష్ట్రం వాటిని పునరావాస శిబిరాలని పిలిచి, కొత్త ఇళ్లు కట్టిస్తామంది. మనుషులు వాళ్లే. మారింది పాలకుల మనసు.

భద్రత భయాన్ని మేం తీసిపారేయడం లేదు. పక్కనే శ్రీహరికోట, ఇటు కృష్ణపట్నం పోర్టు. 2008 ముంబై దాడి తర్వాత తీరంలో నిఘా పెంచింది ఊరికే కాదు, తెలియని పడవ కనిపిస్తే ఆపి చూడాల్సిందే. అయితే భయాన్ని దాని మానాన వదిలేస్తే ఏమవుతుందో 2018లో చూశాం. దోపిడీలు చేసే పార్థీ గ్యాంగ్ దిగిందంటూ వాట్సాప్‌లో పుకారు రాగానే మన రాష్ట్రంలో ఎన్నోచోట్ల బిచ్చగాళ్లను, మతిస్థిమితం లేనివాళ్లను పట్టుకుని చితకబాదారు.

1951 శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు, సొంత చట్టమూ చేసుకోలేదు. చిత్రమేమిటంటే ఆ ఒప్పందమే యుద్ధ నేరస్తులకు రక్షణ లేదంటుంది. దేశ భద్రతకు ముప్పని తేలినవాళ్లను పంపేయడానికీ వీలిస్తుంది. 2019 పౌరసత్వ సవరణ మూడు దేశాలకు, ఆరు మతాలకే పరిమితం. లంక తమిళులు, మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యాలు అందులో లేరు. 2015 జనవరి 9లోపు వచ్చి నమోదైన లంక తమిళులకు, కాగితాలు లేకున్నా శిక్ష ఉండదని 2025 సెప్టెంబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. మంచిదే. కానీ ఒక ఉత్తర్వు ఇచ్చినదాన్ని ఇంకో ఉత్తర్వు లాగేసుకోగలదు.

జీవించే హక్కు విదేశీయుడికీ ఉందని, నేటి బంగ్లాదేశ్ నుంచి వచ్చి అరుణాచల్ ప్రదేశ్‌లో ఉంటున్న చక్మాల కేసులో 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2021లో రోహింగ్యాల విషయంలో, పద్ధతి ప్రకారమైతే పంపవచ్చంది. ఆ పద్ధతేదో పార్లమెంటే రాయాలి. ఆశ్రయం కోరినవాళ్లను ఒక్కొక్కరినీ విడిగా విచారించాలి, దానికి గడువు ఉండాలి. కాదంటే కారణం కాగితం మీద ఇవ్వాలి, అప్పీలుకు దారి చూపాలి. తీరం పొడవునా ఓట్లున్న నెల్లూరు, ఒంగోలు ఎంపీలు వచ్చే సమావేశాల్లో ఈ బిల్లు అడగాలి.