గోలెంలో కూర్చోడానికి ఎనిమిదిన్నరేళ్ళు

మా మామ్మ తొంభై దాటాక పోయింది. బతికినన్నాళ్ళూ తను వైద్యం చేస్తున్నానని ఆవిడకి తెలియదు. వేసంగి మధ్యాహ్నాలు పెరట్లో గోలెం నిండా నూతినీళ్ళు తోడించుకుని, నడుం మునిగేలా అందులో కూర్చునేది. పిల్లలకి జ్వరం తగిలితే లంఖణం. కడుపులో మంటంటే బొడ్డు చుట్టూ తడి పుట్టమన్ను. పొద్దున్న తరవాణి (పులిసిన గంజి), పొద్దుగూకితే చోడంబలి (రాగి అంబలి). ఇంట్లో అందరం దీన్ని ముసలావిడ చాదస్తం అనే అనుకున్నాం.

మా మేనల్లుడు ప్రకృతి వైద్యంలో ఎం.డి. పూర్తిచేసి మా ఊరు పర్లాకిమిడి తిరిగొచ్చాక అసలు సంగతి బయటపడింది. ఆవిడ చేసింది కటిస్నానం, మృత్తికా చికిత్స, ఉపవాస చికిత్స, ఆహార చికిత్స. అంటే మా పెరట్లో డెబ్బై ఏళ్ళపాటు నాలుగు విభాగాల ఆసుపత్రి ఒకటి ఏ రిజిస్ట్రేషనూ లేకుండా నడిచిందన్నమాట. తెలిసి దాచడం తప్పు గనక ఇక్కడ ఒప్పుకుంటున్నాను. చర్య తీసుకోదలచిన అధికారులు, నిందితురాలు ప్రస్తుతం అందుబాటులో లేదని గమనించగలరు. గోలెం మాత్రం ఉంది, అంచు పగిలింది.

కుర్రాడి చదువు గురించి తేలిగ్గా మాట్లాడను. ప్లస్ టూలో బయాలజీ చదివి బి.ఎన్.వై.ఎస్.లో, అంటే ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీలో చేరాడు. అక్కడ నాలుగున్నరేళ్ళ చదువు, పైన ఏడాది ఇంటర్న్‌షిప్. అనాటమీ, ఫిజియాలజీ, పాథాలజీ, ఫోరెన్సిక్ మెడిసిన్ అన్నీ చదవాలి. శవాన్ని కోయాలి, కాన్పు చూడాలి. ఆ తర్వాత ఎం.డి. ఇంకో మూడేళ్ళు, అదీ కర్ణాటకలో. మొత్తం ఎనిమిదిన్నరేళ్ళు. ఈలోగా మా బావ మూడెకరాల జీడితోట అమ్మాడు. ప్రకృతిని అమ్మితేగానీ ప్రకృతి వైద్యుడు తయారు కాడని మాకు అప్పుడే అర్థమైంది.

ఎం.డి. అన్నాక థీసిస్ ఉంటుంది. ముందు సినాప్సిస్ రాయాలి, ఎథిక్స్ కమిటీ ముందు నిలబడాలి, ఆనక రోగుల్ని రెండు జట్లు చెయ్యాలి. మావాడు పొట్టమీద మట్టిపట్టీ గురించి రాస్తానన్నాడు. గైడు గారు అడిగారట: “ఒక జట్టుకి మట్టిపట్టీ వేస్తావు సరే, రెండో జట్టుకి ఏం వేస్తావు?” నిజమైన ప్రశ్న. మాత్రల వాళ్ళకైతే ఉత్తుత్తి మాత్రగా ఇవ్వడానికి సుద్దబిళ్ళ ఉంది, పిండిబిళ్ళ ఉంది. కడుపు మీద అరంగుళం మందాన చల్లటి బురద ఉందో లేదో ఆ కడుపు గలవాడికి తెలియకుండా ఎలా పెట్టాలి? నకిలీ బురద అంటే ఏ బురద? దీని మీద మా ఇంట్లో రెండు సెలవలపాటు చర్చ నడిచింది. ఇటుకల బట్టీ మట్టి వాడమని బావ సలహా. మొత్తానికి రెండో జట్టుని వాళ్ళ మానాన వదిలేసి థీసిస్ గట్టెక్కించాడు.

మట్టి కూడా ఏది పడితే అది పనికిరాదు. ఎరువులు పడని చోట మూడు నాలుగు అడుగుల లోతు తవ్వి తియ్యాలి, ఎండలో ఆరబెట్టాలి, జల్లించాలి, రాత్రి నానబెట్టాలి. మామ్మ ఇవన్నీ చెయ్యలేదు. పుట్టలోంచి తీసి, రాళ్ళేరి, తడిపి పూసింది. అందుకే ఆవిడది చాదస్తం, ఇది చికిత్స.

ఇందులో మా ఊరికి ఒక ప్రత్యేక బాధ ఉంది. పండితుల భాష పుస్తకాల్లో ఎందుకు, జనం మాట్లాడే తెలుగు రాయండి అని గిడుగు రామమూర్తి గారు పోరాడింది పర్లాకిమిడి బడిలో పాఠాలు చెప్పుకుంటూనే. 1880లో ఇక్కడికి ఉద్యోగానికి వచ్చి, సవరల భాష కూడా నేర్చి, 1936లో ఊరు ఒరిస్సాలో కలిసిందని నొచ్చుకుని రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన తిరిగిన వీధిలోనే ఇవాళ మా మేనల్లుడి బోర్డు వేలాడుతోంది: ‘మృత్తికా లేపనము, కటిస్నానము, వస్తి.’ చివరి మాటకి అర్థం తెలియక ఇద్దరు లోపలికి వెళ్ళి, తెలిశాక బయటికి పరిగెత్తారు. బోర్డు మీద ‘ఎనిమా’ అని మూడక్షరాలు రాసి ఉంటే ఎవరి పరువు వాళ్ళ దగ్గరుండేది. గ్రాంథికం వల్ల ప్రజలకి కలిగే నష్టం ఏమిటని అడిగేవాళ్ళకి ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి?

ఇంత చదువు లేకుండా ఈ వైద్యం మొదలెట్టినవాళ్ళు ఎవరా అని వాకబు చేశాను. నీళ్ళ చికిత్సకి పేరు తెచ్చిన ప్రీస్నిట్జ్ ఒక రైతు. క్నైప్ బవేరియాలో చర్చి ఫాదరు. లైప్‌జిగ్‌లో తొట్టిస్నానాలు పెట్టిన లూయీ కూనేకి వైద్య పట్టా లేదు. ముగ్గురిలో ఒక్కడు కూడా ఎం.డి. సీటుకి దరఖాస్తు ఫారం నింపలేడు. కూనే పుస్తకాన్ని ద్రోణంరాజు వెంకటచలపతి శర్మ గారు 1894లోనే తెలుగు చేశారు, హిందీ వాళ్ళ చేతికి అది 1904లో గానీ రాలేదు. ఆ పదేళ్ళూ మనం తొట్టిలో కూర్చుని ముందున్నాం. తర్వాత లేచి ఎటు పోయామో తెలియదు.

ఇక చట్టం. నా పాఠకుల్లో వ్యాకరణ ప్రియులు ఈ పేరా జాగ్రత్తగా చదవాలి. ‘ఆయుష్’ అనే మాటలో ఆయుర్వేదం, యోగ-ప్రకృతి వైద్యం, యునాని, సిద్ధ, హోమియోపతి ఉన్నాయని అందరికీ తెలుసు. తెలుగులో రాస్తే ‘యు’ అనే ఒక్క అక్షరంలో ఇద్దరు సర్దుకున్నారు. ‘య’ మా మేనల్లుడిది, దాని కొమ్ము యునాని వాళ్ళది. 2014 నవంబరులో ఈ పేరుతో ఏకంగా మంత్రిత్వ శాఖే పెట్టారు. 2020లో భారతీయ వైద్య పద్ధతులకి జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. అందులో ఆయుర్వేదం ఉంది, సిద్ధ ఉంది, యునాని ఉంది, హిమాలయాల నుంచి దిగి సోవా-రిగ్పా అనే టిబెట్ వైద్యం కూడా వచ్చి కూర్చుంది. హోమియోకి వేరే చట్టమే ఇచ్చారు. యోగ-ప్రకృతి వైద్యానికి రెంటిలోనూ చోటు లేదు. అంటే కొమ్ముకి పీట వేశారు, కొమ్ము మోస్తున్న అక్షరాన్ని అరుగు మీద కూర్చోబెట్టారు. పశువుల కొమ్ములతో కొంగలూ నెమళ్ళూ చెక్కడంలో పేరుపడ్డ ఊరు మాది. కొమ్ము విలువ మాకు ఒకరు చెప్పక్కర్లేదు. కానీ ఎద్దు లేకుండా కొమ్ము మాకు కూడా ఎప్పుడూ దొరకలేదు.

జాతీయ చట్టం లేదు గనక రిజిస్ట్రేషన్ రాష్ట్రాల దయ. సరిహద్దులో ఉన్నవాడికి ఇది మంచి కాలక్షేపం. మహేంద్రతనయ ఏరు దాటితే పాతపట్నం, ఆంధ్ర. ఇవతల మేము, ఒరిస్సా. ఏటికి రెండు వైపులా బురద ఒకటే, దాంట్లో పొర్లే గేదెలూ ఒకటే. అవతలి ఒడ్డున తవ్విన మట్టిని ఇవతలి ఒడ్డు కడుపు మీద వేస్తే ఏ రాష్ట్రం ముద్ర చెల్లుతుంది? రెండు ప్రభుత్వాలూ కలిసి కూర్చుని తేల్చాల్సిన విషయం. 1936లో హద్దు గీసినవాళ్ళు బురదని ఎందుకు మరిచిపోయారో తెలియదు. మనం మాత్రమే ఇలా అనుకోనక్కర్లేదు. అమెరికాలో డిగ్రీ అయ్యాక మళ్ళీ నాలుగేళ్ళు ప్రకృతి వైద్యం చదివి, రెండు విడతల బోర్డు పరీక్ష రాసినవాళ్ళు కూడా కొన్ని రాష్ట్రాల్లోనే డాక్టర్లు. హద్దు దాటితే సలహాలిచ్చే మామూలు మనుషులు.

బావ మాత్రం ఇవేవీ పట్టించుకోకుండా పెళ్ళిసంబంధాలు మొదలెట్టాడు. “మావాడు ఎం.డి.” అనగానే అవతలివాళ్ళు కుర్చీ ముందుకి జరుపుకుంటారు.

“గుండె డాక్టరా, జనరలా అండీ?”

“ప్రకృతి.”

కాసేపు ఎవరూ మాట్లాడరు. తర్వాత పెళ్ళికూతురి మేనమామ లేచి, “అంటే… పసర్లు పోస్తాడేటి?” అంటాడు. పసరు ఆయుర్వేదమనీ, తాము అసలు మందే ఇవ్వమనీ కుర్రాడు వివరిస్తాడు. మందు ఇవ్వని డాక్టరుకి పిల్లనెలా ఇవ్వడమని వాళ్ళు ఆలోచనలో పడతారు. ఆ సంబంధం ఇంకా ఆలోచనలోనే ఉంది.

క్లినిక్ తెరిచిన మొదటి వారం నేను వరండాలో కూర్చుని చూశాను. లోపల తెల్లటి తొట్లు నాలుగు, ఆవిరి పెట్టె ఒకటి, రంగు సీసాల్లో ఎండకి పెట్టిన నీళ్ళు. మొదటి రోగి కొండవైపు పల్లెనుంచి వచ్చిన ముసలాయన. మోకాళ్ళ నొప్పులు, కొంచెం చక్కెర.

“సూదెయ్యవా బాబూ?”

“సూది అక్కర్లేదు తాతా. తెల్లన్నం మానీ. పొద్దున్నా రాత్రీ చోడంబలి తాగు. వారానికోపూట పస్తుండు.”

ముసలాయన చాలాసేపు మావాడి ముఖంలోకి చూశాడు. “ఏటి బాబూ. మా అయ్య ఉన్నప్పుడు బియ్యం కానరాక అంబలి తాగేం. కూలి దొరక్క పస్తున్నాం. ఇన్నాళ్ళకి గవుర్మెంటోడు బియ్యం ఇత్తన్నాడు, కడుపునిండా తిందాం అనుకుంటే, నువ్వొచ్చి మళ్ళీ అంబలి తాగు, పస్తుండు అంతన్నావు. దానికి ఫీజొకటి. ఇంతకీ ఏటి సదివేవు?”

ఎనిమిదిన్నరేళ్ళలో ఏ పేపర్లోనూ ఈ ప్రశ్న రాలేదని మావాడు రాత్రి ఒప్పుకున్నాడు. వాడు చెప్పిందీ అబద్ధం కాదు. ఒరిస్సా ప్రభుత్వం కూడా 2017 నుంచి చోళ్ళు పండించండి, తినండి అని మిషను పెట్టి మరీ చెబుతోంది. ఆ కొండల్లో చోళ్ళు తినడం మాన్పించడానికి ఎన్ని తరాలు నవ్వారో, మళ్ళీ తినిపించడానికి అన్ని పథకాలు కావాలి కాబోలు. బజారులో ఇప్పుడు చోడిపిండి అరకిలో ప్యాకెట్ మీద పచ్చటి ఆకు బొమ్మ ఉంటుంది. ధర చూశాక పేదవాడి తిండి అనడానికి నోరు రాదు.

పక్క వీధిలో ఇంకో ప్రకృతి వైద్యుడున్నాడు. నిన్నటిదాకా మొబైల్ రీచార్జీలు చేసేవాడు. రెండు ఆదివారాలు ఎక్కడో శిబిరానికి వెళ్ళి లామినేషన్ చేసిన సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. అతను క్యాన్సర్ దగ్గర్నుంచి కోర్టు కేసుల దాకా అన్నిటికీ నిమ్మకాయ రసం ఇస్తాడు. షుగరు మాత్రలు ఇవాళే పారేయమంటాడు. అక్కడ చెప్పులు వదలడానికి చోటుండదు. మావాడు మాత్రం ముందు రక్తపరీక్ష రాసి, “మాత్రలు మానకండి, మెల్లగా చూద్దాం” అంటాడు. అంత జంకు చూపించే డాక్టరుని మావాళ్ళు నమ్మరు. పైగా చదివినవాడూ చదవనివాడూ ఒకే బోర్డు కట్టుకోవచ్చు. ఎనిమిదిన్నరేళ్ళకీ రెండాదివారాలకీ తేడా చెప్పే పుస్తకం ప్రభుత్వం దగ్గర ఉన్నా లేకపోయినా, మా వీధి దగ్గర లేదు.

పోయిన నెల ఒక రాత్రి కిరాణా కొట్టు ఆసామిని ఆటోలో తీసుకొచ్చారు. గ్యాసు పట్టేసింది, మట్టిపట్టీ వెయ్యమన్నారు. మనిషికి చెమటలు, ఎడమ చెయ్యి గుంజుతోంది. వచ్చి రెండు నిమిషాలు కాలేదు, మావాడు ఒక ఆస్పిరిన్ మాత్ర నమిలించి అదే ఆటోలో పెద్దాసుపత్రికి తోలాడు, అక్కణ్ణుంచి అంబులెన్సులో బరంపురం పంపించాడు. మట్టి ముట్టుకోలేదు. నాకు గాంధీగారు గుర్తొచ్చారు. పొట్టమీద మట్టిపట్టీ లేనిదే రోజు గడవని మనిషి. అయినా 1924 జనవరి 12 రాత్రి పుణె ససూన్ ఆసుపత్రిలో కల్నల్ మాడక్ చేత అపెండిక్స్ కోయించుకున్నారు. మధ్యలో కరెంటు పోతే లాంతరు పట్టుకుని ముగించారట. కరెంటు పోవడం దాకా మా ఊరివాళ్ళు కథ బాగానే విన్నారు. మిగతాది నమ్మలేదు.

కొట్టు ఆసామి బతికి వచ్చాడు. ఊరి తీర్పు అంతకు ముందే వచ్చేసింది: “ఆడికి తెలిస్తే గదా, తెలీకే బరంపురం తోలీసేడు గుంటడు.” మర్నాటినుంచి వచ్చే ఇద్దరు ముగ్గురు కూడా నిమ్మకాయ వీధికి మళ్ళారు. తొట్లు నాలుగూ ఖాళీ.

సాయంత్రం బావ, నేను, వాడు పెరట్లో కూర్చున్నాం. మామ్మ గోలెం నూతి పక్కనే బోర్లించి ఉంది. బావ చాలాసేపు ఊరుకుని అడిగాడు.

“ఒరే, గోలెంలో కూర్చోబెట్టడం మామ్మకీ తెలుసు గదా. నువ్వు అదనంగా ఏటి నేర్చుకున్నట్టు?”

“ఎవర్ని కూర్చోబెట్టకూడదో నాన్నా.”

“మొన్న రాత్రి ఆసామిని కూర్చోబెట్టనందుకు ఎంత తీసుకున్నావు?”

“ఏం వెయ్యలేదు గదా. ఏం తీసుకుంటాను?”

బావ లేచి గోలెం తిరగేసి, పగిలిన అంచు తడిమి చూశాడు. జీడితోట కొన్నవాళ్ళు ఈ ఏడు కాపు బాగుందంటున్నారని చెప్పి, సిమెంటు ఉందేమో చూడ్డానికి లోపలికి వెళ్ళాడు.