అయిదుగురు పెద్దమనుషులు, ఎనిమిది కోట్ల అజ్ఞానులు

యూరప్ దేశాలు ఏటా తలా ఒక పాట పంపి, ఒకరి పాటకి ఒకరు మార్కులేసుకునే యూరోవిజన్ పాటల పోటీకి రాజకీయాలతో సంబంధం లేదు. ఈ మాట నేనంటున్నది కాదు, దాన్ని నడిపించే యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ ఏళ్ల తరబడి చెబుతున్నది. అంత పెద్ద సంస్థ అన్నిసార్లు చెప్పాక నమ్మకపోవడం మర్యాద కాదు. 1978లో ఇజ్రాయెల్ గెలుస్తోందని అర్థం కాగానే జోర్డాన్ టీవీ ప్రసారం ఆపేసి, గెలిచింది బెల్జియం అని చెప్పేసింది, అదంతా బెల్జియం మీద అభిమానమే. 2009లో అర్మేనియా పాటకి ఓటేసిన ఒకాయన్ని అజర్‌బైజాన్ భద్రతా శాఖ వాళ్లు పిలిపించి ఎందుకేశావని అడిగారు, సంగీతం మీద ఆసక్తి కొద్దీ. 2022లో రష్యాని బయటికి పంపారు. ఇజ్రాయెల్ ఉంటే మేం రామని 2026 పోటీకి స్పెయిన్, ఐర్లండ్, నెదర్లాండ్స్, స్లొవేనియా, ఐస్‌లాండ్ మొహం చాటేశాయి. ఇక గ్రీసు, సైప్రస్ తరచూ ఒకరికొకరు పూర్తి పన్నెండేసి మార్కులు ఇచ్చుకోవడం అంటారా, అది పెళ్లిలో చదివింపుల పుస్తకం లాంటిది, వాళ్లు రాయించినంత మనమూ రాయించకపోతే బాగుండదు కదా.

కాబట్టి సమస్య రాజకీయం కాదు. సమస్య జనం. జనానికి పాట తెలీదు.

నమ్మకపోతే చరిత్ర చూడండి. 1990ల చివర్లో మార్కులు వేసే పని దాదాపు అంతా ఫోన్ ఓట్లకి వదిలేశారు. జనం ఏం చేశారు? 2006లో రాక్షసుల వేషాలేసుకొచ్చిన ఫిన్లాండ్ రాక్ బ్యాండ్ లార్డీని గెలిపించి కూర్చున్నారు. ఇది ఇలాగే వదిలేస్తే కొంప మునుగుతుందని 2009 ఫైనల్‌కి జ్యూరీని వెనక్కి పిలిపించారు. దేశానికి అయిదుగురు సంగీత నిపుణులు, సగం మార్కులు వాళ్లవి, సగం జనానివి. అంటే జర్మనీలో ఎనిమిది కోట్ల పైచిలుకు జనం ఒక పక్క, అయిదుగురు పెద్దమనుషులు ఇంకో పక్క, తక్కెడ మాత్రం సరిసమానం. ఇంకో విషయం, జ్యూరీ మార్కులేసేది మనం టీవీలో చూసే శనివారం షోకి కాదు, ముందురోజు రాత్రి జరిగే రిహార్సల్‌కి. శనివారం గొంతు అద్భుతంగా పలికినా, మధ్యలో బొంగురుపోయినా ఒకటే, సగం లెక్క శుక్రవారమే తేలిపోయింది. నిపుణులు కదా, ఒకరోజు ముందే తెలిసిపోతుంది.

వీళ్లు చేసిన మేలుకి ఒక్క ఉదాహరణ చెప్తాను. 2014లో పోలండ్ పాట వచ్చింది. పాట జరుగుతుండగా వేదిక మీద ఒకమ్మాయి కవ్వంతో వెన్న చిలుకుతోంది, ఇంకో అమ్మాయి తొట్టిలో బట్టలు ఉతుకుతోంది, ఇద్దరి జాకెట్లూ ఆ పనికి అవసరమైనదానికంటే చాలా కిందికి కోసి ఉన్నాయి, కెమెరా తొట్టి దగ్గర్నుంచి కదలనంటోంది. బ్రిటన్ జనం ఫోన్లలో దానికి మొదటి స్థానం ఇచ్చారు. బ్రిటన్ జ్యూరీ ఆఖరి స్థానం ఇచ్చింది. అప్పట్లో రెండూ కలిపి సగటు తీసేవాళ్లు, మొదటి పదింట్లో ఉంటేనే మార్కులు, కాబట్టి బ్రిటన్ నుంచి పోలండ్‌కి దక్కింది సున్నా. ఒక దేశం మొత్తాన్ని వెన్న నుంచి కాపాడిన ఆ అయిదుగురికి ఇప్పటిదాకా ఎవరూ సన్మానం చేయలేదు.

అయితే ఇలా గుట్టుగా మేలు చేస్తే పేరు రాదని కాబోలు, 2016 నుంచి జ్యూరీ మార్కులు, జనం మార్కులు విడివిడిగా చదువుతున్నారు. మొదటి ఏడాదే జ్యూరీలు ఆస్ట్రేలియాని ఫస్ట్ అన్నాయి (ఆస్ట్రేలియా యూరప్‌లో ఎక్కడుందని అడక్కండి, పిలిచారు, వచ్చింది), జనం రష్యాని ఫస్ట్ అన్నారు, గెలిచింది ఉక్రెయిన్. 2023లో లివర్‌పూల్‌లో ఇంకా బాగా జరిగింది. ఫిన్లాండ్ నుంచి కారియా అనే ఆయన ఛాతీ కప్పని ఆకుపచ్చ జాకెట్‌కి బుడగల్లాంటి చేతులు తొడుక్కుని చెక్కపెట్టెలోంచి బయటికొచ్చాడు, హాలంతా ఊగిపోయింది, జనం 376 మార్కులు గుద్దేశారు. జ్యూరీలిచ్చింది 150. స్వీడన్ నుంచి లొరీన్ రెండు పెద్ద ఎల్ఈడీ పలకల మధ్య పడుకుని, పై పలక లేచాక లేచి పాడింది, జ్యూరీలు 340 ఇచ్చాయి, జనం 243. హాల్లో వాళ్లు ఇంకా ఫిన్లాండ్ పాటే అరుస్తుండగా ట్రోఫీ స్వీడన్‌కి వెళ్లింది. పెట్టె కంటే పలకలో సంగీతం ఎక్కువ ఉంటుందని మనబోటివాళ్లకి ఎలా తెలుస్తుంది!

సెట్టింగుల సంగతొచ్చింది కాబట్టి, పాట మూడు నిమిషాలు దాటకూడదు, వేదిక మీద ఆరుగురికి మించకూడదు, ప్రాణమున్న జంతువుల్ని తేకూడదు. జంతువులు వద్దన్నారు కదా అని 2014లో ఉక్రెయిన్ వాళ్లు చిట్టెలుకల చక్రం లాంటిది పెద్దది చేయించి అందులో మనిషిని పరిగెత్తించారు. రష్యా 2008లో గాయకుడి పక్కన ఒలింపిక్ స్కేటర్ ప్లుషెంకోని పెట్టి గెలిచింది. 2021 నుంచి వెనక గొంతులు రికార్డు చేసి తెచ్చుకోవచ్చన్నారు, ముందు గొంతు మాత్రం ఇంకా లైవ్‌గానే ఉండాలట. పాతకాలపు పట్టుదల.

2025లో స్విట్జర్లండ్‌లోని బాసెల్‌లో మళ్లీ అదే తంతు. జనం 297 మార్కులతో ఇజ్రాయెల్‌ని ఫస్ట్ అన్నారు, జ్యూరీలు దానికిచ్చింది 60, ఆస్ట్రియా గెలిచింది. ఒక్కో మనిషి ఇరవైసార్లు ఓటేసుకోవచ్చు మరి. గొడవయ్యాక ఇకపై పదేనన్నారు. ఒకరికి ఒకే ఓటని మాత్రం అనలేదు, అది ప్రజాస్వామ్యాల్లో పెట్టుకునే పద్ధతి. జ్యూరీని అయిదుగురి నుంచి ఏడుగురికి పెంచి, అందులో కనీసం ఇద్దరు పాతికేళ్లలోపు వాళ్లుండాలన్నారు.

మనకూ అవకాశం ఉంది. 2023 నుంచి పోటీలో లేని దేశాల వాళ్లు కూడా ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి ఓటేయొచ్చు. అమలాపురం వాళ్లు, అమెరికాలో ఉన్న మనవాళ్లు, మిగతా ప్రపంచం, అందరి ఓట్లూ కలిపి ఒక దేశం లెక్క. అంటే మనమంతా కలిస్తే సాన్ మారినో జనం ఓటుకి సమానం, వాళ్ల జనాభా దాదాపు 34 వేలు.

కానీ సాన్ మారినోని చిన్నచూపు చూడకండి, ఈ పోటీ చేరుకోవలసిన గమ్యం అదే. అక్కడి ఫోన్లు ఇటలీ నెట్‌వర్క్‌లో కలిసి ఉంటాయి కాబట్టి జనం ఓట్లు విడదీయలేరు, అందుకని వేరే దేశాల ఓట్ల నుంచి లెక్కగట్టి, ఇది సాన్ మారినో జనాభిప్రాయం అని ప్రకటిస్తారు. 2022లో ఆరు దేశాల జ్యూరీలు ఒకరికొకరు మార్కులు వేసుకున్న తీరు అనుమానంగా ఉందని యూనియన్ ఆ మార్కులు పక్కనపడేసి, వాటి బదులు కూడా లెక్కగట్టిన మార్కులే పెట్టింది. ఆ ఆరింట్లో సాన్ మారినో ఒకటి. అంటే ఆ ఏడాది ఫైనల్లో సాన్ మారినో పేరిట జనం మార్కులూ పడ్డాయి, జ్యూరీ మార్కులూ పడ్డాయి, ఒక్క మార్కూ ఆ దేశపు మనిషి వేసింది కాదు. పక్షపాతం లేదు, పక్కింటి మొహమాటం లేదు, వెన్న లేదు. ఇదే పద్ధతి వచ్చే ఏడాది నుంచి అన్ని దేశాలకీ పెట్టాలని నా మనవి. పాడేవాళ్లు మాత్రం ఇంకా మనుషులే ఉంటున్నారు, ఆ సంగతి కూడా యూనియన్ వారు కాస్త చూడాలి.