పాట మధ్యలో గ్రైండర్ ఎందుకండీ?

బెంగళూరు ఇందిరానగర్, కోరమంగల వైపు చిన్న కాఫీ షాపుల్లో జానపదం పాడిస్తున్నారు. సొంతంగా తెలుగులో పాట కట్టి, గిటార్ పట్టుకుని పాడేవాళ్లకు చోటిస్తున్నారు. సంతోషమే. కానీ ఆ మనిషిని తీసుకెళ్లి ఎస్ప్రెస్సో మెషీన్ పక్కన నిలబెడితే ఎలా?

జానపదానికి మాటే ప్రాణం. పాలు నురగ తీసే ఆవిరి గొట్టం బుస్సుమంటుంటే స, శ, చ లాంటి అక్షరాలన్నీ అందులోనే కొట్టుకుపోతాయి. పాడింది "చేను" అనో "మేను" అనో ముందు వరుసలోవాళ్లకే అర్థం కాదు. కాఫీ గింజలు పొడి చేసే గ్రైండర్ ఇంకా ఘోరం, గదంతా గరగర. పాటంటే నాలుగైదు నిమిషాలు. ఆర్డర్లు పాటకీ పాటకీ మధ్య చేస్తే ఏం పోతుంది? ఆ పూటకి ఫిల్టర్ కాఫీ పోయండి, డికాక్షన్ ముందే దిగి ఉంటుంది.

ఇక మైకు కూత. స్పీకర్‌ని గాయకుడి వెనక పెడతారు. అందులోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులో దూరి కుయ్యిమంటుంది. వెంటనే వాల్యూమ్ తగ్గించి పాట గొంతు నొక్కేస్తారు! స్పీకర్ మైకు కంటే ముందు, జనం వైపు తిరిగి ఉండాలి. మైకు నోటికి రెండు మూడు వేళ్ల దూరం. గిటార్ పికప్ (తీగల మోతని పట్టే పరికరం) వైరు నేరుగా సౌండ్ మిక్సర్‌కి గుచ్చితే చాలాసార్లు రేకు డబ్బా మోతే, మధ్యలో డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే చిన్న పెట్టె) పెట్టాలి.

డప్పు ఉంటే దానికి మైకే వద్దు. చర్మం బిగియడానికి సెగ చూపించుకోవాలి, బయట కాస్త చోటివ్వండి. ఏసీ గదిలో మెత్తబడితే మళ్లీ చూపించాల్సిందే.