జానెడు దూరంలో తొండ

ప్రాణుల ఫొటోలు తీసేవాళ్లకు ఒక సూత్రం ఉంది: కన్ను షార్ప్‌గా పడాలి. తోక మసకైనా, కాలు తెగిపోయినా ఎవరూ పట్టించుకోరు. కన్ను మసకైతే మాత్రం ఫొటో పోయినట్టే. పులి కన్ను మనకెలాగూ దొరకదు కాబట్టి, పెరట్లో రాయి మీద ఎండ కాగుతున్న తొండతో మొదలుపెట్టాను.

జత కట్టే కాలంలో ఉన్న మగ తొండ. తలా, భుజాలూ, గొంతూ ఎర్రగా కణకణలాడుతున్నాయి. తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందన్న సామెత ఇలాంటిదాన్ని చూసే పుట్టి ఉంటుంది. నిజానికి అవి రెండూ వేరు వేరు జాతులు. దూరం నుంచే తీయొచ్చు కదా అంటారేమో. చిన్నవాటిని దగ్గరికెళ్లి పెద్దగా తీసే 100 ఎంఎం మాక్రో లెన్స్ కొత్తగా కొన్నవాడికి దూరం ఆనదు.

బోర్లా పడుకుని మోచేతుల మీద పాకాను. పది నిమిషాలకు రెండు గజాలు. జానెడు దూరానికి చేరేసరికి అసలు చిక్కు మొదలైంది. లెన్స్‌ను 1:1కి, అంటే కెమెరా లోపల బొమ్మ అసలు సైజులోనే పడేలా తిప్పితే, వెలుగు వచ్చే రంధ్రాన్ని (అపర్చర్) ఎఫ్ 8కి కుదించినా, స్పష్టంగా పడేది ఇంచుమించు ఒక మిల్లీమీటరు మందమే. ఊపిరి పీల్చితేనే నేను అంతకన్నా ఎక్కువ కదులుతాను. ఊపిరి బిగబట్టాను. కన్ను ఫోకస్‌లోకి వచ్చింది. చుట్టూ పొలుసుల రెప్ప, నడుమ గుండ్రటి నల్ల పాప, అందులో ఆవగింజంత ఆకాశం.

సరిగ్గా అప్పుడే అది దండీలు తీయడం మొదలుపెట్టింది. మగ తొండ ముందుకాళ్ల మీద అలా లేచి దిగుతోందంటే ‘ఇది నా జాగా, నువ్వు పో’ అని అర్థం. లెన్స్ అద్దంలో తన బొమ్మే చూసుకుందో, నన్నే పోటీదారు అనుకుందో! నేను పైకి గురిపెడితే అది కిందికి, కిందికి గురిపెడితే పైకి. శుద్ధ తొండి.

ఈలోగా నేను పడుకున్నది గండుచీమల దారిలో అని తెలిసింది. కదిలితే తొండ పోతుంది, కదలకపోతే నేను పోతాను. బటన్ నొక్కి అలాగే పట్టుకున్నాను. కెమెరా టకటకలాడింది. మొదటి కాటుకే "అమ్మో!" అన్నాను. తొండ ఎగిరింది. వెనక్కి కాదు, ముందుకి. లెన్స్ మీద ఒక అడుగు, నా ముక్కు మీద ఒక అడుగు, ఆపైన టోపీ.

మొత్తం 143 ఫొటోలు. రాయి మాత్రం అద్భుతంగా వచ్చింది. నాలుగింట్లో తొండ పొట్ట ఉంది, మబ్బులా.

పెరటి గుమ్మంలోంచి ఇదంతా చూస్తున్న మా చెల్లెలు ఫోన్లో ఒకే ఒక్కటి తీసింది. ఫోన్‌లో బొమ్మను పట్టే సెన్సర్ చిన్నది, దూరం నుంచి తీస్తే అన్నీ స్పష్టంగానే పడతాయి. అందులో దాని గొప్పేమీ లేదు. ఆ ఫొటోలో నేను కళ్లు మూసుకుని నోరు తెరిచి ఉన్నాను. టోపీ మీద తొండ.

"కన్ను బాగా పడిందిగా అన్నయ్యా?" అంది.